కిలోమీటర్లు విమానానివి, గంటలు మనవి

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర నిలబడి ఎవరినైనా "ఎల్బీ నగర్ ఎంత దూరమండీ?" అని అడిగి చూడండి. మూడు నాలుగు కిలోమీటర్లని చెప్పేవాళ్లు దొరకడం కష్టం. "మెట్రో ఎక్కితే మూడో స్టేషన్" అంటారు. "ఇప్పుడైతే పది నిమిషాలు, సాయంత్రం ఆరు దాటాక మాత్రం నన్నడక్కండి" అంటారు. దూరాన్ని కాలంతో చెప్పడం ఈ తూర్పు హైదరాబాద్‌లో ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చేసింది. ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ 29 కిలోమీటర్లన్న సంగతి ఎవరికీ పట్టదు. గంటలోపు చేరతామా లేదా అన్నదే కావాలి.

అదే మనిషి కూతురు డాలస్‌లో ఉందనుకోండి. పురిటికి రమ్మని పిలుపొచ్చింది. అప్పుడు ఇంతకాలం వాడిన లెక్క పక్కన పెట్టేసి, ఫోన్‌లో "హైదరాబాద్ నుంచి డాలస్ దూరం" అని కొడతాడు. దాదాపు 14,400 కిలోమీటర్లని చూపిస్తుంది. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందని ఎక్కడో విన్నాడు. భాగిస్తే పదహారు. "పదహారు గంటలేనా! మన కాకినాడ బస్సు ప్రయాణం ఒకటిన్నర సారి చేసినట్టు" అని భార్యకు ధైర్యం చెబుతాడు. ఆవిడ నమ్ముతుంది. ఆ నమ్మకం మీదే టికెట్టు కొంటారు, మందులు సర్దుతారు, చేరిన మర్నాడే మనవరాలి బారసాల ముహూర్తం పెట్టించేస్తారు.

ఈ అధ్యాయం అలాంటి ఇంటివాళ్ల కోసం. మొదటిసారి అంత దూరం వెళ్తున్న తల్లిదండ్రులకు, వాళ్లకు టికెట్టు తీస్తున్న కొడుకులకు, కూతుళ్లకు, అల్లుళ్లకు. ఆగస్టులో రెండు పెట్టెలతో చదువుకు బయల్దేరే పిల్లలకు కూడా ఇందులో సగం పనికొస్తుంది.

పదమూడు, పదహారు, ముప్ఫై ఒకటి

ఒకే ప్రయాణానికి మూడు లెక్కలున్నాయి. ఉదాహరణకు కొత్తపేటలో ఇల్లు, డాలస్ పక్కన ఫ్రిస్కోలో అమ్మాయి ఇల్లు, మధ్యలో దోహా అనుకుందాం. వేసవి. హైదరాబాద్‌లో విమానం తెల్లవారుజాము 3:40కి. నాలుగున్నర గంటలకు దోహా. అక్కడ మూడు గంటలు ఆగాలి. ఆ తర్వాత పదహారుంపావు గంటలు గాల్లో. డాలస్‌లో దిగేసరికి టికెట్టు మీద సాయంత్రం 4:55 అని ఉంటుంది, తేదీ కూడా అదే.

3:40కి ఎక్కి 4:55కి దిగడం. చూస్తే పదమూడుంపావు గంటలు. ఫోన్ చెప్పిన కిలోమీటర్లను భాగిస్తే పదహారు. విమానం కదిలిన క్షణం నుంచి ఆగిన క్షణం దాకా నిజంగా గడిచేది 23 గంటల 45 నిమిషాలు.

ఇది కూడా మన లెక్క కాదు. 3:40 విమానానికి మూడు గంటల ముందు శంషాబాద్‌లో ఉండాలంటే కొత్తపేటలో రాత్రి పదకొండుకల్లా బయల్దేరాలి. డాలస్‌లో ఇమిగ్రేషన్ వరుస, పెట్టెల కోసం బెల్టు దగ్గర నిలబడటం, అన్నీ కలిపి ఓ రెండు గంటలు. ఎయిర్‌పోర్టు నుంచి ఫ్రిస్కోకు ముప్పావు గంట. గుమ్మం దాటిన దగ్గర్నుంచి గుమ్మంలో అడుగుపెట్టే దాకా కూడితే ముప్ఫై ఒక్క గంటలు. అసలు మెలకువగా ఉన్నది అంతకంటే ఎక్కువ, ఎందుకంటే బయల్దేరే రోజు మధ్యాహ్నం నిద్రపోయిన తెలుగు తల్లిని నేను చూడలేదు. పచ్చళ్ల డబ్బాలకు టేపు చుడుతూ ఉంటారు.

పదమూడు గంటలకు సిద్ధమైనవాడు ముప్ఫై ఒక్క గంటలు ప్రయాణిస్తే ఏమవుతుంది? దోహాలో కాళ్లు వాచి, "ఇంకా సగం కూడా కాలేదా?" అని కంగారుపడతాడు. పక్కనున్న భార్య మీద విసుక్కుంటాడు. ఇంత అని ముందే తెలిసినవాడు అదే కుర్చీలో అదే వాపుతో కూర్చుని కాఫీ తాగుతాడు. ప్రయాణంలో వచ్చే చిరాకులో పెద్ద వాటా అలసటది కాదు, తప్పుడు లెక్కది. అందుకే టికెట్టు చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని, కాగితం మీద మీ ఇంటి గుమ్మం నుంచి వాళ్ల ఇంటి గుమ్మం దాకా గంటలు రాసి కూడడం. ఈ పని ఏజెంటు చేయడు, యాప్ చేయదు.

దారం వేసి చూడండి

ఆ 14,400 అబద్ధమా? కాదు. అది భూగోళం మీద రెండు ఊళ్లను కలిపే అతి తక్కువ దూరం. పిల్లల గ్లోబు ఇంట్లో ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస డాలస్ మీద పెట్టి బిగించండి. గోడకు వేలాడే పటం చూసి దారం అరేబియా, ఐరోపా, అట్లాంటిక్ మీదుగా పోతుందనుకుంటాం. పోదు. నేరుగా ఉత్తరానికి లేస్తుంది. కశ్మీర్, కజకిస్తాన్, సైబీరియా దాటి, 85 డిగ్రీల అక్షాంశం దాకా, అంటే ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దగ్గరికి వెళ్లి, కెనడా మీదుగా టెక్సస్‌లోకి దిగుతుంది. భూమి గుండ్రం, పటం చదును. తేడా అంతా అక్కడే.

గ్లోబు చేతిలో ఉండగా ఇంకో తమాషా చూడండి. అమెరికా తూర్పు తీరంలో న్యూజెర్సీ మనకు దాదాపు 13,000 కిలోమీటర్లు. షికాగో 13,300. దేశానికి ఆ చివర, పసిఫిక్ ఒడ్డునున్న శాన్‌ఫ్రాన్సిస్కో 13,500. మధ్యలో, కాస్త దక్షిణంగా ఉన్న డాలస్ 14,400. అంటే కాలిఫోర్నియాలో ఉన్న కొడుకే డాలస్ కూతురికంటే తొమ్మిది వందల కిలోమీటర్లు దగ్గర. ఈ మాట చెబితే ఇంట్లో ఎవరూ నమ్మరు. దారంతో కొలిచి చూపించండి.

కానీ దారం పోయిన దారిన విమానం పోదు. మొదటి కారణం, హైదరాబాద్ నుంచి డాలస్‌కు ఆగకుండా వెళ్లే సర్వీసు లేకపోవడం. మన ఊరి నుంచి అమెరికాకు నేరుగా విమానం ఒకసారి వచ్చింది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా బోయింగ్ 777తో షికాగోకు మొదలుపెట్టింది. పదహారు గంటలకు పైగా ఏకబిగిన ప్రయాణం. ఆ సర్వీసు ఎక్కువ కాలం నిలవలేదు. కాబట్టి ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే. రెండో కారణం ఆకాశానికీ సరిహద్దులుండటం. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా చాలా పాశ్చాత్య దేశాల విమానాలకు తన గగనతలం మూసేసింది. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత పాకిస్తాన్ మన దేశపు విమానాలకు మూసేసింది. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికాకు పోయే ఎయిర్ ఇండియా విమానాలు చుట్టూ తిరగాల్సి వచ్చింది, కొన్ని మధ్యలో ఇంధనానికి వియన్నా లాంటి చోట్ల దిగాయి. అదే ఏడాది జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేస్తే, దోహా మీదుగా వెళ్లే తెలుగువాళ్లు ఎక్కడెక్కడో చిక్కుకుపోయారు. పటం మీద దూరం ఏమీ మారలేదు. గంటలు మారాయి.

ఇక గాలి. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహాలు సాగుతుంటాయి. చలికాలంలో వాటి వేగం గంటకు 200 కిలోమీటర్లు కూడా దాటుతుంది. పడమరకు వెళ్లే విమానం వీటిని తప్పించుకుంటూనో, ఎదురీదుతూనో పోవాలి. తిరిగొచ్చేది అదే గాలిని వెనకేసుకుని వస్తుంది. అందుకే దోహా నుంచి డాలస్‌కు పదహారు గంటలకు పైగా పడితే, డాలస్ నుంచి దోహాకు గంటా గంటన్నర తక్కువ పడుతుంది. "భూమి కింద తిరుగుతుంటుంది కదా, ఆ లెక్కన ఇటు రావడం సులువు" అని ఇంజినీర్లు కూడా అంటుంటారు. భూమితో పాటు దాని గాలీ, విమానమూ కలిసే తిరుగుతాయి. మనకు లాభం ఇచ్చేది గాలి వేగమే.

ఎక్కడ ఆగాలి

ఇక్కడ నా అభిప్రాయం కాస్త గట్టిగానే చెబుతాను. దూరం చూసి మధ్య ఊరిని ఎంచుకోవడం దండగ. హైదరాబాద్ నుంచి డాలస్‌కు లండన్ మీదుగా దాదాపు 15,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా ఇంచుమించు అంతే. దోహా మీదుగా 15,650. పటం మీద లండన్ ఎక్కడో పైన, దుబాయ్ మన పక్కనే ఉన్నట్టు కనిపించినా, మొత్తం కలిపితే తేడా గాల్లో పావుగంటో ఇరవై నిమిషాలో. కొడుకు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటే లెక్క మారుతుంది. దుబాయ్ మీదుగా పడమరకు వెళ్తే 15,500 దాటుతుంది. హాంకాంగ్ మీదుగా తూర్పుకు వెళ్తే 15,000 లోపే, పైగా వెనక గాలి. ఇలాంటి చోట తప్ప కిలోమీటర్లను పట్టించుకోకండి.

పట్టించుకోవాల్సింది మధ్యలో ఆగే సమయం. రెండు గంటలకన్నా తక్కువైతే మొదటిసారి వెళ్లే పెద్దవాళ్లకు వద్దు. మొదటి విమానం నలభై నిమిషాలు ఆలస్యమైతే చాలు, గుండె దడ. ఐదారు గంటలు దాటితే నడుము పడిపోతుంది. రెండున్నర నుంచి నాలుగు గంటల మధ్య ఉన్నదాన్ని చూడండి. పదివేలు తగ్గుతుందని పధ్నాలుగు గంటలు ఆగే టికెట్టు తీసి అరవై ఐదేళ్ల నాన్నను కుర్చీలో కూర్చోబెట్టే కొడుకులున్నారు. పాతికేళ్ల విద్యార్థి తన కోసం ఆ పదివేలు మిగుల్చుకుంటే తప్పులేదు, బ్యాగు తలకింద పెట్టుకుని నేల మీద పడుకుంటాడు. నాన్నకు అది కుదరదు.

డబ్బు మిగులుతుందని రెండు వేర్వేరు టికెట్లు కూడా కొనకండి. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా తర్వాతి దాంట్లో సీటు చూడటం విమాన సంస్థ బాధ్యత. పెట్టెలు కూడా హైదరాబాద్‌లో ఇస్తే అమెరికాలో మొదట దిగే ఊరి దాకా అవే పోతాయి. వేర్వేరు టికెట్లయితే ఆ బాధ్యత ఎవరిదీ కాదు, మీదే. గగనతలాలు ఎప్పుడు మూస్తారో తెలియని ఈ రోజుల్లో ఒకే టికెట్టు అంటే బీమా లాంటిది.

పెట్టెల గురించి ఒక సంగతి చాలామందికి అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. అమెరికాలో మొదట ఏ ఊళ్లో దిగితే అక్కడే ఇమిగ్రేషన్ పూర్తి చేసి, పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటించి, ముందుకు వెళ్లేదుంటే మళ్లీ అప్పగించాలి. దోహా నుంచి నేరుగా డాలస్‌కు వెళ్లేవాళ్లకు ఈ గొడవ చివర్లో ఒక్కసారే. న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగి డాలస్ విమానం మారేవాళ్లు ఆ అలసటలో రెండు ఇరవైమూడు కిలోల పెట్టెలను బెల్టు మీద నుంచి దించి, తోసుకెళ్లి, మళ్లీ ఎక్కించాలి. అందుకే పెద్దవాళ్లకు చివరి ఊరిలోనే అమెరికా నేల మీద కాలుపెట్టే దారి మేలు. అబూ ధాబీ దీనికి ఒక మినహాయింపు. 2014 నుంచి అక్కడి ఎయిర్‌పోర్టులోనే అమెరికా అధికారులు ఇమిగ్రేషన్ పూర్తి చేస్తున్నారు. ఆ తర్వాత అమెరికాలో దిగితే దేశీయ ప్రయాణికుడిలా బయటికి రావడమే. అయితే ఆ తనిఖీకి కూడా టైము పడుతుంది కాబట్టి అబూ ధాబీలో ఆగే సమయం ఇంకో గంట ఎక్కువ ఉండేలా చూసుకోండి.

వీల్‌చైర్ సహాయం గురించి మన ఇళ్లలో సిగ్గు ఒకవైపు, అతి మరోవైపు. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు, ఎక్కువ దూరం నడవలేనివాళ్లు తప్పకుండా అడగాలి. ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు టికెట్టులో రాయించాలి. కానీ చక్కగా నడవగలిగిన అమ్మను కేవలం ఇంగ్లిష్ రాదని కుర్చీలో కూర్చోబెడితే, నిజంగా నడవలేని ఇంకో పెద్దాయన వరుసలో గంట ఎదురుచూస్తాడు. ఆవిడకు కావాల్సింది కుర్చీ కాదు, చీటీ. ఒక కార్డు మీద పేరు, విమానం నంబర్లు, దిగాల్సిన ఊరు, కూతురి ఫోన్ నంబరు, "దయచేసి ఈ గేటుకు దారి చూపించండి" అన్న మాట ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలతో రాసి, వెనకాల అదే తెలుగులో రాసివ్వండి. ఎవరికి చూపించినా పని జరుగుతుంది. దోహాలో అయితే హాలు మధ్యలో ఉండే పెద్ద పసుపు టెడ్డీ బేర్ బొమ్మ ఫొటో కూడా ముందే చూపించండి. దారి తప్పినా, ఇద్దరూ విడిపోయినా, ఎవరినడిగినా దాని దగ్గరికి తీసుకెళ్తారు.

పదిహేనో తారీఖు ఎప్పుడు?

కొడుకు వాట్సాప్‌లో చెబుతాడు: "నాన్నా, పదిహేనో తారీఖు పొద్దున 3:40కి ఫ్లైట్." నాన్న క్యాలెండర్ మీద పదిహేను చుట్టూ గీత గీస్తాడు. పధ్నాలుగో తారీఖు రాత్రి భోంచేసి, "రేపు కదా ప్రయాణం" అని పడుకుంటాడు. ఆయన పడుకున్న వేళకే ఎయిర్‌పోర్టులో ఉండాలి. మన దగ్గర్నుంచి గల్ఫ్‌కు, ఐరోపాకు వెళ్లే విమానాల్లో చాలా భాగం అర్ధరాత్రి దాటాకే బయల్దేరతాయి కాబట్టి ఈ పొరపాటు దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా ప్రతి సీజన్‌లోనూ ఎవరింట్లోనో ఒకరింట్లో జరుగుతూనే ఉంటుంది. అందుకే పిల్లలు చెప్పే పద్ధతి మారాలి. విమానం టైము కాదు, ఇంటి నుంచి బయల్దేరే టైము చెప్పాలి: "నాన్నా, పధ్నాలుగు, సోమవారం, రాత్రి పదకొండుకు కారు ఎక్కాలి." క్యాలెండర్ మీద గీత పధ్నాలుగు చుట్టూ పడాలి.

టికెట్టు మీద కనిపించే ప్రతి టైమూ ఆ ఊరి టైమే. బయల్దేరే టైము హైదరాబాద్‌ది, దిగే టైము డాలస్‌ది. మన గడియారానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. కాకినాడకు దగ్గరగా పోతుంది. డాలస్‌కు అలాంటి ఆధారం వేరే ఉంది, పైగా ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా వాళ్లు మనకంటే పదిన్నర గంటలు వెనక. మిగతా కాలం పదకొండున్నర గంటలు వెనక. తీసివేతలతో బుర్ర పాడుచేసుకోకుండా ఒక ఉపాయం: వేసవిలో మన టైముకు గంటన్నర కలిపి, రాత్రిని పగలు చేయండి. మనకు రాత్రి ఎనిమిది అంటే అక్కడ పొద్దున తొమ్మిదిన్నర. చలికాలంలో గంటన్నర బదులు అరగంట కలపండి. అమ్మమ్మలు కూడా నాలుగు రోజుల్లో పట్టేస్తారు.

విమానంలో మాత్రం ఈ లెక్కలేవీ వేయొద్దు. ఒక మామూలు చేతి గడియారాన్ని హైదరాబాద్ టైములోనే ఉంచి చేతికి కట్టుకోండి. ఫోన్ దానంతటదే మారిపోతుంది, గడియారం మారదు. మందులు వేసుకోవడానికి అదే ఆధారం. షుగర్, బీపీ, థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, బయల్దేరే ముందే తమ డాక్టరు దగ్గరికి వెళ్లి "పొద్దున, రాత్రి" అని కాకుండా "ఇన్ని గంటలకోసారి" అని రాయించుకోవాలి. అక్కడ చేరాక కొత్త టైముకు ఎలా మారాలో కూడా ఆయన్నే అడగాలి. మందులన్నీ చేతి సంచిలోనే, ప్రిస్క్రిప్షన్‌తో పాటు. ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో పెడితే కింద చలికి పాడయ్యే ప్రమాదముంది, పెట్టె ఆలస్యమైతే అసలుకే మోసం.

కుర్చీలో పదహారు గంటలు

విమానంలో గాలి ఒత్తిడి నేల మీద ఉన్నట్టుండదు. ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉన్న కొండ మీద ఎంత ఉంటుందో అంత ఉంచుతారు, అంటే దాదాపు ఊటీలో ఉన్నట్టు. గాలి బాగా పొడిగా ఉంటుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు వెళ్లే ముందు డాక్టరుతో ఈ మాట ప్రత్యేకంగా చెప్పడం మంచిది.

కాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. నాలుగు గంటలు మించి కదలకుండా కూర్చుంటే కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తేల్చింది. ఆరోగ్యవంతుడికి ఆ ముప్పు మొదటే చాలా తక్కువ, కాబట్టి భయపడాల్సిన పని లేదు, కదలాల్సిన పని ఉంది. నడవ పక్క సీటు ఎంచుకోండి. పక్కవాళ్లను లేపాలన్న మొహమాటంతో మన ఆడవాళ్లు గంటల తరబడి బాత్రూముకు కూడా లేవరు, దానికోసం నీళ్లు తాగడం మానేస్తారు. రెండూ తప్పే. రెండు గంటలకోసారి లేచి వెనక్కి వెళ్లి నాలుగడుగులు వేసి రండి. కూర్చున్నప్పుడు మడమలు ఎత్తడం, దించడం. ఇంతకుముందు గడ్డలు కట్టినవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరును అడగకుండా టికెట్టే తీయొద్దు.

దిగాక జెట్‌లాగ్. మామూలుగా శరీరం రోజుకు ఓ గంట చొప్పున కొత్త గడియారానికి అలవాటు పడుతుంది. డాలస్ తేడా పదిన్నర, పదకొండున్నర గంటలు కాబట్టి వారం నుంచి పది రోజులు పట్టడం సహజం. మొదటి రాత్రి రెండింటికి మెలకువ వచ్చి వంటింట్లో గిన్నెలు సర్దే అత్తయ్యకు ఏ జబ్బూ లేదు, ఆవిడ ఒంటికి అది మధ్యాహ్నం. పగలు ఎండలో తిరగాలి, కునుకు తీసినా అరగంట మించకూడదు. బారసాల ముహూర్తం చేరిన మర్నాడు పెట్టకూడదన్నది ఇందుకే. పురిటికి వెళ్లేవాళ్లు డాక్టరు చెప్పిన తేదీకి కనీసం రెండు వారాల ముందు చేరాలి. తల్లికి సాయం చేయడానికి వెళ్లిన మనిషి తనే పగలంతా తూలుతుంటే ఎవరికి ఎవరు సాయం?

శంషాబాద్ దారి

ముప్ఫై ఒక్క గంటల్లో మన చేతిలో ఉన్నవి మొదటి నాలుగైదే, వాటినే ఎక్కువమంది పాడుచేసుకుంటారు. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినప్పుడు ఊరికి దూరమైపోయిందని అందరూ గొణిగారు. నిజానికి ఎల్బీ నగర్ వాళ్లకు అంత నష్టమేమీ జరగలేదు. సాగర్ రింగ్ రోడ్డు, కర్మన్‌ఘాట్, చాంద్రాయణగుట్ట, పహాడీ షరీఫ్ మీదుగా ఊళ్లోకి వెళ్లకుండానే చేరిపోవచ్చు. 2021 చివర్లో ఒవైసీ జంక్షన్ దగ్గర అబ్దుల్ కలాం పేరిట ఫ్లైఓవర్ వచ్చాక ఈ దారి ఇంకా తేలికైంది. వనస్థలిపురం, హయత్‌నగర్ వాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి బొంగులూరు, తుక్కుగూడ మీదుగా వెళ్లడమే నయం. కిలోమీటర్లు ఎక్కువైనా సిగ్నళ్లు లేవు. పెట్టెలు తక్కువున్న విద్యార్థికి ఎల్బీ నగర్ నుంచి పుష్పక్ బస్సు చాలు.

దారి తేలికే, ఇల్లు కదలడమే కష్టం. సూర్యాపేట నుంచో, ఖమ్మం నుంచో, గుంటూరు నుంచో వచ్చే పెద్దవాళ్లు విజయవాడ హైవే మీద ఆ సాయంత్రమే బయల్దేరి నేరుగా ఎయిర్‌పోర్టుకు పోదామనుకుంటారు. సంక్రాంతి ముందూ వెనకా ఆ రోడ్డు మీద పంతంగి టోల్‌గేటు దగ్గర ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పలేరు. ఒకరోజు ముందే ఎల్బీ నగర్‌లోనో కొత్తపేటలోనో బంధువుల ఇంటికి చేరండి. ఆ రాత్రి అక్కడ నిద్రపోండి. పెట్టెలు అప్పుడే తూకం వేయండి. కొక్కెం తగిలించి పట్టుకునే చిన్న తూకం పరికరం కొంటే, ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర నేల మీద పెట్టెలు విప్పి ఆవకాయ డబ్బా ఎవరిదని వాదించుకునే అవసరం రాదు.

సాగనంపడానికి పదిమంది రావడం మన ఆచారం, దాన్ని మానమని నేను చెప్పను. కానీ ఫొటోలు, దండలు, ఏడుపులు ఇంటి దగ్గరే పూర్తి చేసుకోండి. టికెట్టు లేనివాళ్లు టెర్మినల్ గుమ్మం దాకే రాగలరు. అక్కడ ముప్పావు గంట నిలబడితే లోపల ఇమిగ్రేషన్ వరుస మీకోసం ఆగదు.

తిరుగు ప్రయాణం లెక్క కూడా ఇప్పుడే రాసుకోండి. సోమవారం సాయంత్రం ఏడింటికి డాలస్‌లో ఎక్కితే, ఇరవై ఒక్క గంటల ప్రయాణం అనుకున్నా హైదరాబాద్‌లో దిగేది బుధవారం తెల్లవారుజాము రెండున్నరకు. మంగళవారం మీ జీవితంలో గాల్లోనే పోతుంది. ఆ మంగళవారం కట్టాల్సిన చీటీ డబ్బు, గ్యాస్ బుకింగ్, ఎల్‌ఐసీ కిస్తు ముందే ఎవరికైనా అప్పగించండి. రెండున్నరకు ఎవరు తీసుకెళ్తారో పేరుతో సహా తేల్చుకోండి, ఇంటి తాళం వాళ్ల దగ్గరుందో లేదో అడగండి. పైఊళ్లకు వెళ్లాల్సినవాళ్లు అదే తెల్లవారుజామున కారెక్కి హైవే పట్టకండి. నడిపేవాడు నిద్రలో ఉంటాడు, మీరూ నిద్రలో ఉంటారు. ఎల్బీ నగర్‌లో ఒక రోజు పడుకుని, గురువారం మధ్యాహ్నం భోంచేసి బస్సెక్కండి.